నేల పని

మార్చి 3, సోమవారం

ఇవాళ నేల మీంచి లేవలేకపోయాను.

బ్యాంకులో పనిచేసే ఆవిడ కొత్త గౌను వేసుకుని అద్దం ముందు నిలబడింది. నేను ఎప్పటిలాగే కింద కూర్చుని అంచు మడిచి గుండుసూదులు గుచ్చాను. అంతా అయ్యాక లేవబోతే కుడి మోకాలు రానంది. కుర్చీ పట్టుకుని లాగితే కుర్చీ కూడా నాతోపాటు వచ్చింది. చివరికి ఆవిడే నా చంకల కింద చేతులు వేసి లేపింది. ఆ గుంజులాటలో నేను గుచ్చిన సూదులన్నీ ఆవిడ పిక్కల్లో దిగాయి. "అమ్మో" అని ఆవిడ, "అమ్మా" అని నేను. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి మా వదిన పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"నాకేం? బాగానే ఉన్నాను."

బ్యాంకు ఆవిడ ఎవరితోనూ చెప్పదు. వదిన అందరికీ చెబుతుంది.

మార్చి 4, మంగళవారం

సంగీతం టీచరు వచ్చింది. మే నెలలో వాళ్ళ ఆడపిల్లల పాటల బృందం పెద్ద హాల్లో పాడుతుందట. అందరికీ ఒకే రంగు పొడుగు గౌన్లు కావాలట. పొట్టివాళ్ళూ పొడుగువాళ్ళూ వరసగా నిలబడితే అంచులన్నీ నేలకు ఒకే ఎత్తులో, గీత గీసినట్టు ఉండాలట. "అంచు పనికి మీ తరవాతే ఎవరైనా అని ఈ పని మీకే తెచ్చానండీ" అంది నాతో. నేను ఉబ్బిపోయాను. ఆవిడ వెళ్ళగానే వదిన మొదలుపెట్టింది.

"అంతమందికి నేల పని ఎవరు చేస్తారే?"

"నేనే. ఇన్నేళ్ళూ ఎవరు చేశారేమిటి?"

"నిన్న నిన్ను లేపడానికి క్రేను పిలవాల్సి వచ్చింది."

"ఒక్కసారికే ఇంత రాద్ధాంతమా?"

"ఒక్కసారా!" అని ఇంకేదో అనబోయి మింగేసింది. "విను. గౌన్లు నేను కత్తిరించి కుట్టి ఉంచుతాను. ఈలోపు నువ్వు కాలు చూపించుకో. అంచులు గుచ్చే రోజుకి నీ అంతట నువ్వు కిందికి దిగి, నీ అంతట నువ్వు లేవగలిగితే సరే. లేకపోతే ఆ పని పక్క వీధి షాపు వాళ్ళకిచ్చేద్దాం. ఆ తరవాత నీకిక నేల పని లేదు. బల్ల దగ్గర కూర్చుని బొత్తాలు కుట్టుకో."

బొత్తాలు! నాకు! అన్నయ్య ఈవిడను పెళ్ళి చేసుకుని తెచ్చిన ఏడాదే ఇద్దరం కలిసి ఈ షాపు తెరిచాం. కత్తిరింపు, ఇస్త్రీ, బొత్తాలు, అదంతా బల్ల పని, ఆవిడది. మనిషిని నిలబెట్టి, చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతూ అంచు ఎక్కడ ఆగాలో చూసి గుచ్చడం నేల పని, నాది. ఆవిడకు ఆ పని చేతకాదు. కర్ర పెట్టి కొలిస్తే తప్ప ఆవిడకు అంచు కనపడదు. నా కంటికి కర్ర అక్కర్లేదు.

మార్చి 7, శుక్రవారం

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురులో పెట్టి చూపించాడు. ఎముకల మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గిపోయిందట. ఆపరేషన్ దాకా ఇంకా రాలేదు, ముందు ఫిజియోథెరపీ చేయించుకోండి, బరువు కాస్త తగ్గండి అన్నాడు. మా ఆయన బుద్ధిగా తలూపి, వీధిలోకి వచ్చాక ఆ చివరి మాట మళ్ళీ చెప్పారు. ఆయన తెచ్చిన నూనె సీసాలు అలమరలో వరసగా ఉన్నాయి. ఒక్కోదానిదీ ఒక్కో కంపు.

మార్చి 10, సోమవారం

మందుల షాపు పక్కన చిన్న గది. ఎత్తు మంచం, గోడకి నిలువుటద్దం, ఒక కుర్చీ, అంతే. ఏవో మిషన్లు ఉంటాయనుకున్నాను. ఫిజియో అమ్మాయి ఒక్కతే ఉంది. మిషన్లేవమ్మా అంటే రెండు చేతులూ చూపించింది. తరవాత ఆ చేతులు నా మోకాలి మీద వేసింది. మంచుగడ్డలు! కెవ్వుమన్నాను.

"సారీ అమ్మా, నా చేతులెప్పుడూ ఇంతే" అని రెండూ రుద్దుకుని మళ్ళీ వేసింది. అప్పుడూ చల్లగానే ఉన్నాయి. చల్లచేతులు అని పేరు పెట్టాను, మనసులో.

ఎక్స్‌రే ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. బట్ట కొనేముందు నేను రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తానే, మోకాలి చుట్టూ అలా చూసింది.

"ఇక్కడ నొప్పా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"మరి కాలెందుకు లాక్కున్నారు?"

మోకాలి చిప్పని పట్టుకుని అటూ ఇటూ జరపబోయింది. ఎడమది జరిగింది. కుడిది మాత్రం మొండికేసి కూర్చుంది. కాలు చాపమంది. చాపాను. "ఇంకా" అంది. అంతే వస్తుందన్నాను. మోకాలి కింద తన చెయ్యి దూర్చి చూపించింది. అక్కడ అరచెయ్యి పట్టేంత సందు ఉంది. నేను చాపాననుకున్న కాలు నిజానికి వంగే ఉంది.

"అరిగింది తిరిగి రాదమ్మా. వస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ నొప్పికి భయపడి భయపడి చుట్టూ అంతా బిగుసుకుపోయింది. ఆ బిగుతు నేను వదిలిస్తాను. వదిలింది మళ్ళీ బిగుసుకోకుండా ఇంటి దగ్గర మీరు చూసుకోవాలి."

మడమ కింద తువ్వాలు చుట్టపెట్టి మోకాలు కిందికి నొక్కాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. రోజూ చెయ్యాలి.

"మీకేం కావాలి?" అని అడిగింది చివర్లో. నొప్పి పోవాలి అంటాననుకుంది కాబోలు. నేల మీద కూర్చుని లేవాలి అన్నాను. "చూద్దాం" అంది.

మార్చి 11, మంగళవారం

నొప్పి. ఆ పిల్ల చేతులు విరగ.

మార్చి 12, బుధవారం

ఉన్నమాట రాయాలి. పొద్దున మంచం దిగినప్పుడు కాలు చెప్పిన మాట విన్నది. బాత్‌రూమ్ దాకా గోడ పట్టుకోకుండానే వెళ్ళాను. మా ఆయన తన నూనె వల్లే అనుకుంటున్నారు. అనుకోనీ.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ ఫిజియో దగ్గరికి వెళ్ళలేదు. వాన.

మార్చి 15, శనివారం

వాన లేదు. నిన్నా లేదు.

మార్చి 19, బుధవారం

"ఇంట్లో చేస్తున్నారా?" అంది చల్లచేతులు.

"రోజూ" అన్నాను.

పిక్క మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. "రోజూనా?" అంది. ఆ చేతుల ముందు అబద్ధం నిలవదు. ఆదివారం చేశానన్నాను. నవ్వి పనిలో పడింది. ఒక చేత్తో తొడ అదిమి పట్టుకుని, రెండో చేత్తో మోకాలి కింది ఎముకను మెల్లగా వెనక్కి నొక్కుతుంది, వదులుతుంది, నొక్కుతుంది. మొదట్లో పళ్ళు బిగించాను. కాసేపటికి కునుకు పట్టింది. నేను మనుషుల ఒంటి మీద చేతులు వేసి బతికినదాన్ని. నా ఒంటి మీద ఇంత శ్రద్ధగా ఎవరైనా చెయ్యి వేసి ఎంత కాలమైందో.

ఇవాళ్టి నుంచి నిజంగా రోజూ చేస్తాను.

మార్చి 24, సోమవారం

షాపులో ఏదో జరుగుతోంది.

అంచులు కుట్టే సన్నదారం మామూలుకంటే త్వరగా అయిపోతోంది. గౌన్లు తొడిగి చూసుకునే తల లేని బొమ్మ ఉంది కదా, మొండెమ్మ. సాయంత్రం నేను దాన్ని మూల కూర్చోబెట్టి వెళతాను. పొద్దున వచ్చేసరికి గది మధ్యలో నిలబడి ఉంటుంది. కాళ్ళొచ్చాయా దానికి? వదినని అడిగితే "ఊడుస్తుంటే జరిపాను" అంది. షాపు మూసే వేళకి "నువ్వెళ్ళవే, కాస్త ఇస్త్రీ ఉంది" అంటుంది. రోజూ ఇస్త్రీయేనా?

ఎవరినో పిలిపించి నేల పని నేర్పిస్తోంది. అంతే అయ్యుంటుంది. నా కాలు బాగవదని ముందే తీర్మానించేసుకుంది.

మార్చి 25, మంగళవారం

అడగను. తనే చెప్పాలి.

మార్చి 28, శుక్రవారం

మోకాలి చిప్ప జరిగింది! చల్లచేతులు నా వేళ్ళు పట్టుకుని మరీ చూపించింది. కాస్తే, గోరంత. చిన్నపిల్లకి మొదటి పన్ను వచ్చినట్టు ఇంటికొచ్చి మా ఆయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. "జరిగిందోయ్" అన్నారు. నూనె ప్రస్తావన తేలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

బ్యాంకు ఆవిడ గౌను నడుం బిగుతుగా ఉందని వదులు చేయడానికి తెచ్చింది. అలవాటు కొద్దీ అంచు తిరగేసి చూసుకున్నాను.

అవి నా కుట్లు కావు.

మా వదినది ఎడమచేతి వాటం. ఆవిడ కుట్టు ఎడమకి వాలుతుంది, నాది కుడికి. ఇది మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అంచంతా ఎడమకే వాలి ఉంది. దాని కింద నా పాత కుట్టు విప్పిన సన్నని చిల్లులు. నా పని విప్పేసి తను మళ్ళీ కుట్టింది! అలమరలో ఇచ్చేయడానికి సిద్ధంగా ఉన్న మిగతా పొడుగు గౌన్లు కూడా తిరగేశాను. అన్నీ ఎడమకే.

ఒళ్ళు మండిపోయింది. మనిషి ఉండగానే ఆ మనిషి పని విప్పేస్తారా? నేను చచ్చిపోయానా?

ఏప్రిల్ 4, శుక్రవారం

వదినతో మాట్లాడడం లేదు. "కత్తెర ఇమ్మని చెప్పండి" అంటే బొత్తాల కోసం వచ్చిన మనిషి ఆ కత్తెర తెచ్చి నాకిచ్చింది. "ఎందుకమ్మా అలక అని అడగండి" అంది వదిన అదే మనిషితో. పాపం ఆవిడ బొత్తాలు కొనుక్కోకుండానే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 7, సోమవారం

ఇంకా మాట్లాడడం లేదు. కాలు బాగుంది. మెట్టుకో పాదం వేసి, మామూలు మనుషుల్లా మెట్లు దిగుతున్నాను. ఇంత మంచి వార్త వదినకి చెప్పలేకపోవడం ఎంత కష్టంగా ఉందో.

ఏప్రిల్ 9, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ చల్లచేతులు నన్ను నిలువుటద్దం ముందు నిలబెట్టి కళ్ళు మూసుకోమంది. "నిటారుగా నిలబడండి" అంది. నిలబడ్డాను. నడుముకి రెండు పక్కలా చేతులు వేసింది.

"నిటారుగా ఉన్నారా?"

"ఉన్నాను."

చేతులతోనే నన్ను మెల్లగా కదిలించింది. నడుము కాస్త అటు, భుజం కాస్త ఇటు. "ఇప్పుడు?"

"ఇప్పుడు వంకరగా ఉన్నాను. పడిపోయేలా ఉంది."

"కళ్ళు తెరవండి."

అద్దంలో ఉన్నది నిటారుగా నిలబడ్డ మనిషి. ఆ మనిషి నేనే. నా లోపల మాత్రం పక్కకి ఒరిగిపోతున్నట్టే ఉంది.

"కుడి కాలు పూర్తిగా చాపలేరు కదా, అందుకని అది పొట్టి కాలైంది. నడుము అటు దిగింది. దాన్ని సరిచెయ్యడానికి తల ఇటు వంచారు. ఎప్పటినుంచో అలాగే ఉన్నారు, అందుకని మీకు అదే నిటారు. ఇప్పుడు కాలు సాగుతోంది, మెల్లగా ఒంటికీ అలవాటవుతుంది."

"ఎప్పటినుంచో అంటే?"

"నెలలు అయ్యుంటుంది. ఏడాది కూడా కావచ్చు."

మోకాలు నొప్పి మొదలయ్యాక నేను చుట్టూ తిరగడం మానేశాను. ముందు ఒక్క చోట ఎడమ తుంటి మీద కూలబడి, రెండు పక్కలా అక్కడినుంచే గుచ్చేస్తున్నాను. కర్ర లేదు. కంటి మీదే నమ్మకం. ఆ కన్ను ఏ తలలో ఉందో ఆ తలే వంకరగా ఉంటే?

తిన్నగా షాపుకి వెళ్ళాను. ఇంకా పొద్దు ఉంది గానీ తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. మొండెమ్మకి లైబ్రరీలో పనిచేసే ఆవిడ గౌను తొడిగి ఉంది. వదిన నేల మీద ఉంది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో సుద్ద. నన్ను చూసి లేవబోయి, "అబ్బా" అని బల్ల పట్టుకుంది.

గౌను అంచు కుడి పక్కన వేలెడంత కిందికి దిగి ఉంది. నేను గుచ్చిన అంచే.

"ఎన్నాళ్ళనుంచి, వదినా?"

"ఏమోనే. పోయిన చలికాలం నుంచి."

"అన్నీ?"

"అన్నీ కాదు. పొట్టి గౌన్లలో తెలియదు."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే? కంటికి కర్ర అక్కర్లేదన్న మనిషివి. నీ కన్ను తప్పిందని నేనెట్లా చెప్పనే? చెబితే నువ్విక గుండుసూది ముట్టుకుంటావా? షాపుకే రావు. నువ్వు రాకపోతే ఈ షాపు నేనొక్కదాన్నీ ఏం చేసుకోను?"

"మరి బొత్తాలు కుట్టుకోమన్నావు?"

"అలా అనకపోతే నువ్వు ఆ కాలు ఎవరికైనా చూపించేదానివా?"

ఏడ్చాను. వదిన కూడా ఏడ్చింది. తరవాత ఆవిడ "నువ్వు కుట్టిన బొత్తాలు చూశానే, ఆ బట్టలు ఎవరు వేసుకుంటారు" అంది. ఇద్దరం నవ్వాం. ఆ గౌను అంచు నేనే విప్పాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

చల్లచేతులకి అంతా చెప్పాను. "ఇన్నాళ్ళూ నేల అన్నారు, నేల మీద ఏం చేస్తారో చెప్పలేదేం?" అని కోప్పడింది. మంచం మీంచి దింపి కింద చాప వేసింది. ముందు కుర్చీ అంచు పట్టుకోవాలి. మంచి కాలు ముందుకి వేసి, కుడి మోకాలు దిండు మీద మెల్లగా ఆనించాలి. లేచేటప్పుడు బరువంతా ఎడమ పాదం మీదికి తెచ్చుకుని, ముందుకి వంగి లేవాలి. ఒక్క చోటే కూలబడకూడదు, మధ్యమధ్య లేవాలి. తన చేతులు నా మోకాలి రెండు పక్కలా కాపలా పెట్టింది. దిగాను. లేవబోయి మళ్ళీ కూలబడ్డాను.

"మనిషిని ఎత్తు బల్ల మీద నిలబెట్టి మీరు కుర్చీలో కూర్చుని గుచ్చితే?" అంది.

"బల్ల మీద నిలబడ్డ మనిషి పడతానేమోనని బిగుసుకుపోతుందమ్మా. భుజాలెత్తుతుంది. ఆ భుజాలతోపాటు అంచూ లేస్తుంది. నేల మీద నిలబడితేనే బట్ట ఉన్నదున్నట్టు వేలాడుతుంది."

"అయితే మళ్ళీ దిగండి" అంది.

ఏప్రిల్ 16, బుధవారం

దిగాను. లేచాను. ఆమె చేతులు పక్కనే ఉన్నాయి, ముట్టుకోలేదు.

ఏప్రిల్ 17, గురువారం

నిన్నటి సంబరం ఇవాళ మోకాలి వాపైంది. ఇంటికొచ్చాక మా ఆయన ముందు మళ్ళీ మళ్ళీ దిగి లేచి చూపించాను కదా. చల్లచేతులు ఫోన్లో చివాట్లు పెట్టింది. ఐసు పెట్టుకుని కూర్చున్నాను. దీనికంటే ఆ పిల్ల చేతులే నయం.

భయంగా ఉంది. అంచులు గుచ్చేది వచ్చే వారం శనివారమే.

ఏప్రిల్ 21, సోమవారం

వాపు తగ్గింది. మోకాలి కింద ఇప్పుడు ఫిజియో అమ్మాయి వేళ్ళు మాత్రమే దూరుతున్నాయి, అరచెయ్యి దూరడం లేదు.

ఏప్రిల్ 26, శనివారం

పాటల బృందం మొత్తం షాపులో దిగింది. కాళ్ళు పెట్టే చోటు లేదు. వదిన ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. సంగీతం టీచరు నన్ను చూస్తోంది. మొండెమ్మకి తల లేదు గానీ అదీ నన్నే చూస్తున్నట్టుంది.

దిండు వేసుకున్నాను. "వదినా, కర్ర ఇటివ్వు" అన్నాను. ఆవిడ కర్రనే చూసుకుంది ఓ క్షణం, తరవాత తెచ్చి నా చేతిలో పెట్టింది. కుర్చీ అంచు పట్టుకుని, మంచి కాలు ముందుకు వేసి, దిగాను. మొదటి అమ్మాయి అంచుకి కర్ర ఆనించాను. నా కన్ను ఎక్కడ అందో కర్ర కూడా అక్కడే అంది. ఆ సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుంది? వదినకి తప్ప. తలెత్తి చూస్తే ఆవిడకి అప్పటికే అర్థమైంది.

తరవాత లేవాలి. కుర్చీ పట్టుకోకుండా లేచాను అని రాయాలని ఉంది. పట్టుకున్నాను. కానీ ఈసారి కుర్చీ నాతోపాటు రాలేదు, ఉన్న చోటే ఉంది. ఎవరూ లేపలేదు. వదిన చప్పట్లు కొట్టింది. ఎందుకో తెలియకపోయినా పిల్లలంతా కొట్టారు.

ఒక్కొక్కరి తరవాత లేచి కాస్త నడిచి మళ్ళీ దిగాను. సాయంత్రానికి మోకాలు సలిపింది. సలపనీ. ఇది పని చేసిన నొప్పి.

మే 3, శనివారం

అంచులన్నీ కుట్టేశాం. ఒక్కో గౌనుకి ఎదురెదురుగా కూర్చుని చెరో పక్కనుంచి మొదలుపెట్టాం. ఆవిడ కుట్లు ఎడమకి, నావి కుడికి, మధ్యలో కలుస్తాయి. ఎవరూ తిరగేసి చూడరు.

మే 10, శనివారం

పెద్ద హాలు. తెర లేచింది. గౌన్ల అంచులన్నీ గీత గీసినట్టు ఉన్నాయి. జనమంతా పాట వింటున్నారు, మేమిద్దరం పాదాలు చూస్తున్నాం.

"ఆ చివర పిల్లది చూడవే, ఒక పక్క దిగింది" అంది వదిన నా చెవిలో.

"దిగలేదు. ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడింది."

పాట మధ్యలో ఆ పిల్ల రెండో కాలు ఆనించింది. అంచు వరసలో కలిసింది. వదిన నా తొడ మీద గిల్లింది.

అంతా అయ్యాక హాలు మెట్లు దిగుతున్నాం. నేను ముందు దిగి వెనక్కి తిరిగాను. వదిన పక్కకి తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ చేర్చుకుంటూ దిగుతోంది. ఫిబ్రవరిలో నేను దిగినట్టే. ఆ రోజు మొండెమ్మ పక్కనుంచి లేస్తూ ఆవిడన్న "అబ్బా" ఇప్పుడు వినిపించింది నాకు. చలికాలం నుంచీ నా వంకర అంచుల కోసం ఆ నేల మీద మోకరిల్లింది ఈవిడే కదా. ఎంత గుడ్డిదాన్ని నేను.

"మోకాలా, వదినా?"

"నాకేం? బాగానే ఉన్నాను."

కింద నిలబడి చెయ్యి చాపాను. ఆవిడ నా మొహంలోకి చూసి, కమ్మీ వదిలి నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి చల్లచేతులకి ఫోన్ చేసి, సోమవారం ఇద్దరం వస్తామని చెప్పాను. చేతులు చల్లగా ఉంటాయన్న సంగతి మాత్రం వదినకి చెప్పలేదు.